వ్యాన్ మాన్పిస్తే మెదడు పెరుగుతుందా?

ఈ వర్షాకాలం మొదలైనప్పటి నుంచి ఒకటే మెసేజ్ తిరుగుతోంది. కాలనీ గ్రూపులో వచ్చింది, టీచర్ల గ్రూపులో వచ్చింది, చివరికి బంధువుల గ్రూపులో పెళ్లి శుభలేఖకీ పుట్టినరోజు కేకుకీ మధ్య కూడా వచ్చింది. అందులో ఉన్నదింతే: బడికి నడిచి గానీ సైకిల్ మీద గానీ వెళ్లే టీనేజీ పిల్లలకు తెలివి ఎక్కువని స్పెయిన్ శాస్త్రవేత్తలు నిరూపించారు. నడిస్తే మెదడులో కొత్త కణాలు పుడతాయి. మన పెద్దలు ఐదేసి కిలోమీటర్లు నడిచి చదివే కలెక్టర్లయ్యారు. వ్యాన్ ఎక్కించే తల్లిదండ్రులు పిల్లల బుర్రల్ని చేతులారా మొద్దుబారుస్తున్నారు. కాబట్టి రేపే వ్యాన్ మాన్పించండి. కింద రెండు దండాలు, మెరుస్తున్న మెదడు బొమ్మ ఒకటి.

నేను వరంగల్ పక్కన ఒక సర్కారు హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పిల్లలు నడవాలన్నదే నా కోరిక కూడా. కోపమంతా అందుకే. సరైన మాటకు దొంగ సాక్ష్యం ఎందుకు?

స్పెయిన్ పరిశోధన ఉన్న మాట నిజమే. 2011లో అచ్చయింది. ఐదు నగరాల్లో 13 నుంచి 18 ఏళ్ల పిల్లలు 1,700 మందిని బడికి ఎలా వస్తున్నారని అడిగారు, భాష, లెక్కలు, తర్కం మీద పరీక్ష పెట్టారు. నడిచో సైకిల్ తొక్కో వచ్చే ఆడపిల్లలకు మార్కులు కాస్త ఎక్కువ వచ్చాయి. వాళ్లలోనూ పావుగంటకు మించి ప్రయాణం ఉన్నవాళ్లకు ఇంకాస్త ఎక్కువ. మగపిల్లల్లో మాత్రం ఏ తేడా కనిపించలేదు. మెసేజ్ రాసినాయన ఈ చివరి ముక్కను ఏ బస్టాండులో దించేశాడో! పైగా అది ఒక్కసారి తీసిన కొలత. ముందు ఎంత, కొన్నేళ్లు నడిచాక ఎంత అని చూసింది కాదు. అలాంటి కొలతతో రెండు సంగతులు కలిసి కనిపిస్తున్నాయని చెప్పొచ్చు గానీ, ఒకదాని వల్ల రెండోది వచ్చిందని చెప్పలేం. 2014లో నెదర్లాండ్స్‌లో 270 మంది హైస్కూలు పిల్లల ఒంటికి కదలికలు కొలిచే పరికరం కట్టి చూశారు. సైకిళ్ల దేశమది. అక్కడ కూడా ఆడపిల్లల్లో ఏకాగ్రత పరీక్షకూ ఈ ప్రయాణానికీ సంబంధం కనిపించింది, బడి మార్కులకు మాత్రం ఎవరిలోనూ కనిపించలేదు.

ఇప్పుడు ఇదే సర్వే మన దగ్గర చేద్దాం. మా బడికి ఎవరు నడిచొస్తారు? వ్యాన్ ఫీజు కట్టలేని వాళ్లు. ఎవరు సైకిల్ తొక్కుతారు? ఆ వేళకు బస్సు రాని ఊళ్ల వాళ్లు. సుబేదారి, నక్కలగుట్ట వైపు ప్రైవేటు బడుల పిల్లలనూ మా పిల్లలనూ ఒకేచోట కూర్చోబెట్టి పేపర్ ఇస్తే, వ్యాన్‌లో వచ్చిన వాళ్లకే ఎక్కువ మార్కులు రావచ్చు. అప్పుడు ‘వ్యాన్ ఎక్కితే తెలివి పెరుగుతుంది’ అని ఫార్వర్డ్ చేద్దామా? చదువుకున్న అమ్మ, సాయంత్రం ట్యూషన్, పొద్దున కడుపు నిండా టిఫిన్, ఇవన్నీ కూడా ఆ వ్యాన్‌లోనే వస్తాయి. స్పెయిన్ వాళ్లు తల్లి చదువు, ఇంటి స్థితి లెక్కలోకి తీసుకున్నారు, ఆ మాట చెప్పాలి. కానీ వాళ్లు లెక్క సరిచూసుకున్నది స్పెయిన్ ఇళ్లకు. మన దగ్గర నడక అంటే ఆరోగ్యం కోసం ఎంచుకున్నది కాదు, వేరే దారి లేక మిగిలింది.

మా తొమ్మిదో తరగతిలో ఒక పాప తండా నుంచి నాలుగు కిలోమీటర్లు సైకిల్ మీద వస్తుంది. అన్న తొక్కి వదిలేసిన సైకిల్. సీటు ఎంత దించినా కాళ్లు సరిగా అందవు, పెడల్ కిందికి పోయినప్పుడు మునివేళ్లతో తోస్తుంది. కల్వర్టు దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు చైను ఊడుతుంది. అలాంటి రోజు ప్రార్థన అయిపోయాక వస్తుంది, రెండు చేతులకూ నల్లటి గ్రీజు. బోరింగు దగ్గర ఇంత మట్టి తీసుకుని రుద్దుకుని, కడుక్కుని, చున్నీకి తుడుచుకుని వచ్చి కూర్చునేసరికి మొదటి పీరియడ్ సగం అయిపోతుంది. ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి బస్సు ఫ్రీయే, కానీ బడి వేళకు ఆ తండా వైపు బస్సు ఉండాలి కదా. పాప లెక్కల్లో చురుకే. ఆ చురుకు సైకిల్ వల్ల వచ్చిందో, సైకిల్ ఇన్ని తిప్పలు పెడుతున్నా నిలిచిందో, మెసేజ్ రాసినాయనే చెప్పాలి.

కొత్త కణాల సంగతి త్వరగా తేల్చేద్దాం. చక్రంలో పరిగెత్తించిన ఎలుకల మెదడులో, జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోకాంపస్ అనే భాగంలో, కొత్త కణాలు ఎక్కువగా పుట్టాయని 1999లోనే చూపించారు. 2011లో ఇంకో ప్రయోగం వచ్చింది. ఏడాది పాటు నడిపిస్తే ఆ భాగం సుమారు 2 శాతం పెరిగిందన్నారు. ఆ నడిచిన వాళ్లు 55 ఏళ్లు దాటినవాళ్లు. మెసేజ్ ఎలుకల్నీ తాతల్నీ కలిపి తొమ్మిదో తరగతి పిల్లల్ని తయారు చేసింది.

ఇక్కడ ఒక నిజమైన ముక్క ఉంది, అది దాచను. కదిలిన తర్వాత కాసేపు పిల్లల ధ్యాస బాగుంటుంది. 2009లో అమెరికాలో తొమ్మిదేళ్ల ప్రాయపు పిల్లలు 20 మందిని ట్రెడ్‌మిల్ మీద 20 నిమిషాలు నడిపించి పరీక్ష పెడితే, ఊరికే కూర్చుని లేచినప్పటి కన్నా తప్పులు తక్కువ చేశారు. 2012లో డెన్మార్క్‌లో దాదాపు 20 వేల మంది బడిపిల్లలతో చేసిన పెద్ద ప్రయోగంలోనూ నడిచి, సైకిల్ మీద వచ్చిన వాళ్లు ఏకాగ్రత పరీక్షలో మెరుగ్గా ఉన్నారు. ధ్యాస కుదరడం వేరు, తెలివి పెరగడం వేరు. నా మట్టుకు నేను మధ్యాహ్నం మొదటి పీరియడ్‌లో అందరినీ గ్రౌండ్ చుట్టూ ఒక రౌండు తిప్పి తెచ్చాకే బీజగణితం మొదలుపెడతాను. దానికి వ్యాన్ మాన్పించక్కర్లేదు.

ఇక ఐదు కిలోమీటర్లు నడిచి కలెక్టరైన తాతగారి కథ. మా ఊరి నుంచి హైస్కూలున్న ఊరికి నాలుగు కిలోమీటర్లు. ఏడో తరగతి అయ్యాక మా బ్యాచ్ మగపిల్లలు దాదాపు అందరూ నడిచి వెళ్లారు. ఆడపిల్లలం తొమ్మిది మందిమి ఉంటే నడిచింది ముగ్గురమే. మిగతా ఆరుగురిని ‘అంత దూరం ఏం పోతది’ అని ఆపేశారు. పత్తి ఏరడానికి పోయారు, పెళ్లిళ్లయ్యాయి. ఆ నడక గురించి ఈరోజు గొప్పగా చెప్పగలిగేది మేం ముగ్గురమే. ఆ ఆరుగురికి ఏ వాట్సాప్ గ్రూపులోనూ కథ లేదు. దూరం వడపోసిన తర్వాత మిగిలిన వాళ్లను చూపించి, దూరమే వాళ్లను తయారు చేసిందంటే ఎట్లా?

సైకిల్ చేసిన మేలు చూపించాలంటే బీహార్‌ను చూపించొచ్చు. 2006 నుంచి అక్కడ తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి సర్కారు డబ్బిచ్చింది. పక్కనున్న జార్ఖండ్‌తో పోల్చి ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు: ఆ వయసు ఆడపిల్లలు హైస్కూల్లో చేరడం 32 శాతం పెరిగింది, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గింది. పదో తరగతి పరీక్ష రాసిన ఆడపిల్లలు 18 శాతం, పాసైనవాళ్లు 12 శాతం పెరిగారు. బడి 3 కిలోమీటర్లు, అంతకు మించి దూరమున్న ఊళ్లలో చేరికలు ఎక్కువ పెరిగాయి. సైకిల్ వాళ్లను బడి గేటు దాటించింది. మా బ్యాచ్ ఆరుగురికి కావలసింది అదే.

చివరగా తల్లిదండ్రులను తిట్టిన వాక్యం. 2016లో అచ్చయిన హైదరాబాద్ సర్వేలో 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు 5,842 మందిని అడిగితే, అంతకు ముందు ఏడాదిలో బడికి పోయి వచ్చే దారిలో గాయపడ్డామని 17 శాతం మంది చెప్పారు. నడిచే వాళ్ల కన్నా సైకిల్ మీద పోయేవాళ్లకు ప్రమాదం ఎక్కువ, స్కూల్ బస్సులో పోయేవాళ్లకు తక్కువ. కరీంనగర్ రోడ్డు మీద గ్రానైట్ లారీ పక్క నుంచి పోతుంటే సైకిల్ హ్యాండిల్ ఎలా ఊగుతుందో తెలిసిన తల్లి వ్యాన్ ఎక్కిస్తే అది బద్ధకమా? మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలైతే పిల్లలు పన్నెండున్నరకు బయటికొస్తారు. ఏప్రిల్‌లో ఆ వేళకు నలభై డిగ్రీలు దాటే రోజులు మనకు కొత్త కాదు.

పైగా ఆ స్పెయిన్‌లోనే, బార్సిలోనాలో, బడికి నడిచొచ్చే 7 నుంచి 10 ఏళ్ల పిల్లలను వెయ్యి మందికి పైగా గమనించారు. దారిలో వాహనాల పొగ ఎక్కువ పీల్చిన పిల్లల్లో, విన్నదాన్ని కాసేపు బుర్రలో నిలుపుకుని పనిచేసే శక్తి మిగతావాళ్లంత వేగంగా ఎదగలేదని 2017లో రాశారు. నడక మానమని కాదు వాళ్లు చెప్పింది, పొగ తక్కువున్న దారి చూసుకోమని. హన్మకొండ చౌరస్తాలో పొద్దున తొమ్మిదింటికి ఆటోల వెనుక నిలబడితే చాలు, ఆ దారి ఏదో చూపించాల్సింది తల్లిదండ్రులు కాదని తెలుస్తుంది. అయినా మెసేజ్‌లో ఫుట్‌పాత్ అన్న మాట ఒక్కసారి కూడా లేదు.

మా కాలనీ గ్రూపులో దీన్ని పెట్టింది ఒక రిటైర్డ్ పెద్దాయన. మనవడు ఏడో తరగతి, బడి ముప్పావు కిలోమీటరు. రోజూ కారులో దింపుతారు. మొన్న పాల ప్యాకెట్ల దగ్గర కనిపిస్తే, ‘సార్, రేపటి నుంచి బాబును నడిపిద్దామా, మా పాప కూడా తోడుంటుంది’ అన్నాను. ఆయన చేతిలో ప్యాకెట్ వంకా రోడ్డు వంకా చూశారు.

‘నడుమ మెయిన్ రోడ్డు దాటాలె గద మేడం. ఎట్ల పంపుతం?’