మ్యూట్‌లో మహోపదేశం

ఆన్‌లైన్‌లో సమర్థంగా పాఠం చెప్పడమెలాగో విశ్వవిద్యాలయ అధ్యాపకులకు నేర్పే రెండు వారాల పునశ్చరణ తరగతులను ఇంట్లోనే కూర్చుని దిగ్విజయంగా ముగించి, ధ్రువపత్రాన్ని ఫైలులో భద్రపరచుకున్న ధన్యజీవులలో ఈ వ్యాసకర్త కూడా ఒకడు.

మూడవ నాటి అంశం ‘విద్యార్థుల భాగస్వామ్యం’. వక్త గారు మొట్టమొదట మా రెండు వందల మందినీ మ్యూట్ చేయించి, ఆపై గంటన్నర సేపు తెర మీద ఉన్నదాన్ని ఉన్నట్టే చదివారు. ‘ఒక స్లయిడులో ఆరు పంక్తులకు మించరాదు’ అన్న సూత్రం ఇరవై రెండవ పంక్తిలో ఉండటం వల్ల, దాన్ని చదవడానికి ఆయనే కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకోవలసి వచ్చింది. ఎలా తప్పించుకున్నదో గానీ ఎవరింటి కుక్కరో మూడు కూతలు కూసింది. ఆ పూట మా వైపు నుండి అందిన భాగస్వామ్యం అదొక్కటే. చివరన “సందేహాలున్నాయా?” అని అడిగి, నోళ్లు కట్టేసిన వారి నుండి జవాబు రాకపోవడంతో అందరికీ అర్థమైనట్టేనని ఆయన సంతృప్తి చెందారు. అంతలో హాజరు లింకు వచ్చింది. అంతవరకు నల్లటి గళ్లుగా పడి ఉన్న ఆచార్యులందరికీ ప్రాణం లేచి వచ్చి, “లింకు తెరుచుకోవడం లేదు సార్” అంటూ చాట్‌ను హోరెత్తించారు.

ఈ శిక్షణాలయాలు మొదట అకడమిక్ స్టాఫ్ కాలేజీలు, ఆ తర్వాత మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలు, 2023 నుండి మాలవీయ మిషన్ కేంద్రాలు. బోర్డుకు ఇన్నిసార్లు రంగు వేసినవారు స్లయిడు జోలికి మాత్రం పోలేదు. పోవలసిన అవసరమూ లేదు, ఎందుకంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం పదోన్నతికి ఇటువంటి కోర్సులు లెక్కకు వస్తాయి. పాఠం వచ్చిందా అని అడిగే గడి ఆ దరఖాస్తులో లేదు.

2020లో సిగ్నల్ కోసం మిద్దెలెక్కిన పిల్లలను, ముగ్గురికీ కలిపి ఒక్క ఫోనున్న ఇళ్లను చూసిన తర్వాత కూడా ఇదేనా శిక్షణ? 2021లో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ ద్వారా సెమిస్టరుకు 40 శాతం వరకు క్రెడిట్లు పొందవచ్చని అనుమతించారు గదా. తక్కువ డేటాతో పాఠం పంపడం, గంట పాఠాన్ని పది నిమిషాల ముక్కలు చేయడం, కెమెరా ఆపిన పిల్లవాడు వెనకబడ్డాడని కనిపెట్టడం ఎవరు నేర్పాలి? గంటల లెక్కన కూలి తీసుకుని తరగతులు మోస్తున్న అతిథి అధ్యాపకులకు పదోన్నతే లేదు గనుక, ఈ కాగితం వారికి చిత్తుకాగితంతో సమానం. సిగ్గుపడవలసిన చోట మనం వందన సమర్పణ చేసుకుంటున్నాం.

చివరి రోజు అభిప్రాయ పత్రంలో మూడే గళ్లున్నాయి: అత్యుత్తమం, ఉత్తమం, బాగుంది. నా పదోన్నతి ఫైలు ఈ నెలలోనే పైకి వెళ్లాలి. అత్యుత్తమం నొక్కాను.