పేరు ఒకటి, సరుకు రెండు

2025 జూన్ 5న ఏఎండీ తన చవక గ్రాఫిక్స్ కార్డు (కంప్యూటరు ఆటల బొమ్మలను తెర మీద గీసే పరికరం) ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీని అమ్మకానికి పెట్టింది. 16 జీబీ మెమరీ ఉన్నది 349 డాలర్లు, 8 జీబీ ఉన్నది 299. అదే ఏడాది ఏప్రిల్ 16న ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ కూడా అచ్చం ఇలాగే దిగింది. 429 డాలర్లకు ఒకటి, 379కి ఒకటి. ఏ విషయంలోనూ పొసగని ఈ రెండు సంస్థలకు ఇక్కడ మాత్రం భలే సయోధ్య కుదిరింది. గట్టి ఆట ఎదురైతే ఒకేలా పనిచేయని రెండు కార్డులకు ఒకటే పేరు తగిలించి బజారులోకి వదిలాయి. పేరు తెచ్చేది పెద్దది, ఆ పేరు మీద అమ్ముడుపోయేది చిన్నది. పైసా పైసా కూడబెట్టి కంప్యూటరు కొనుక్కునే కుర్రాడిని బోల్తా కొట్టించే ఈ ఎత్తుగడను వ్యాపార నైపుణ్యమని మెచ్చుకోలేం.

మరీ బాధ కలిగించేదేమిటంటే, చవక కార్డులకు అప్పుడు వచ్చినంత మంచి రోజులు అంతకుముందు చాలాకాలం రాలేదు. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5090 ధర 2025లో విడుదలైనప్పుడు మన దేశంలో 2,14,000 రూపాయల నుంచి మొదలైంది. కంప్యూటరు మొత్తానికి కాదు, అందులో పెట్టే ఒక్క కార్డుకు. కంప్యూటరు ఆటలు అమ్మే వేదిక స్టీమ్ నెలనెలా వెలువరించే సర్వే చూస్తే, 2025లో సగానికి పైగా ఆటగాళ్ల తెరలు 1080పీ (నిలువునా 1080 చుక్కలు) దగ్గరే ఉన్నాయి. వాళ్లకు రెండు లక్షల కార్డుతో పనేముంది? 2024 డిసెంబరులో ఇంటెల్ 249 డాలర్లకే 12 జీబీ మెమరీతో ఆర్క్ బీ580ని తెచ్చి, 299 డాలర్ల ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060ని చాలా పరీక్షల్లో వెనక్కి నెట్టింది. 2025 మార్చిలో ఏఎండీ 599 డాలర్ల ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ, ఎన్విడియా 749 డాలర్ల 5070 టీఐ పక్కన దీటుగా నిలబడింది. (ప్రకటించిన ఆ ధరకు దుకాణాల్లో దొరకడం గగనమైందన్నది వేరే ఏడుపు.) జూన్‌లో వచ్చిన 9060 ఎక్స్‌టీ 16 జీబీ కార్డు కూడా, తనకంటే 80 డాలర్లు ఎక్కువున్న 5060 టీఐకి వేగంలో కాస్తే వెనక. ఖరీదైన కార్డుల పొగరు దించే సత్తా ఈ చిన్న కార్డులకు ఉంది.

బీ580 మచ్చలేనిదని మేము అనడం లేదు. పాత ప్రాసెసరుకు జతచేస్తే దాని వేగం పడిపోతుంది. రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసరు ఒకేసారి అందుకోనిచ్చే సదుపాయం) లేని మదర్‌బోర్డుల్లో మరీ నీరసిస్తుంది. చవక కార్డు కొనేవాడి ఇంట్లో ఉండేవి పాత ప్రాసెసర్లే కాబట్టి అది చిన్న లోపమేం కాదు. అయినా ఆ లోపాన్ని ఎవరైనా పరీక్షించి చెప్పగలిగారు, కొనేవాడు తెలుసుకుని కొనగలిగాడు. బీ580 అంటే 12 జీబీయే. అదే పేరుతో పక్క పెట్టెలో ఇంకో రకం లేదు.

8 జీబీ చాలదా అంటే, మెమరీ నిండనంతసేపు చాలుతుంది. నిండిందంటే మాత్రం కార్డు మిగతా సరంజామాను కంప్యూటరు ర్యామ్‌లోకి తోసి, కావలసినప్పుడల్లా మదర్‌బోర్డు స్లాటు గుండా తెచ్చుకోవాలి. 5060 టీఐ సొంత మెమరీ సెకనుకు 448 జీబీ వేగంతో పనిచేస్తుంది. స్లాటుతో మాట్లాడటానికి ఈ కార్డుకు ఇచ్చినవి ఎనిమిది లేన్లు (డేటా నడిచే దారులు) మాత్రమే. మన కుర్రాళ్ల దగ్గర విరివిగా కనబడే బీ450 లాంటి పాత బోర్డులో ఆ దారి గుండా సెకనుకు 8 జీబీ కూడా దాటదు. కొత్త బోర్డులో దారి నాలుగింతలు వెడల్పు. అంటే కొత్త బోర్డు కొనే స్తోమత ఉన్నవాడికి దెబ్బ తక్కువ, లేనివాడికి ఎక్కువ. ఏఎండీ తన కార్డుకు పదహారు లేన్లు ఇచ్చింది, ఆ మేరకు నయం.

తెర మీద జరిగేది ఇది. సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తుందో చెప్పే ఫ్రేముల సగటు చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. మలుపు తిరగగానే బొమ్మ ఒక్కసారి బిగుసుకుపోయి మళ్లీ కదులుతుంది. కొన్ని ఆటలు మరీ తెలివిమీరినవి. మెమరీ చాలకపోతే చెప్పాపెట్టకుండా టెక్స్చర్లను (వస్తువుల పైపూత బొమ్మలను) తగ్గించేస్తాయి. అంకెలు అవే ఉంటాయి, గోడ మీది ఇటుకలు మాత్రం అలికేసినట్టు కనబడతాయి. ఇంకొన్ని ఆటల్లో పై స్థాయి సెట్టింగు పెడితే ఆట మొదలే కాదు. అదే ఆట, అవే సెట్టింగులు 16 జీబీ కార్డు మీద హాయిగా నడుస్తాయి. రెండింటిలోనూ ఉన్నది ఒకే చిప్. పందెపు కోడినే ఇచ్చారు, కాళ్లు కట్టేసి ఇచ్చారు.

ఈ సంగతి తయారీదారుకు తెలియదనుకోవాలా? తెలుసు కాబట్టే దాచింది. ఏప్రిల్‌లో 5060 టీఐ విడుదలకు ముందు ఎన్విడియా సమీక్షకులకు పంపినవి 16 జీబీ కార్డులు. 8 జీబీ కార్డు వాళ్ల చేతికి అందలేదు. కావలసినవాళ్లు బజారులో కొనుక్కుని పరీక్షించుకోవాల్సి వచ్చింది. అప్పటికి ‘5060 టీఐ బాగుంది’ అన్న మాట ఊరంతా పాకింది. ఆ మాటలో ఉన్నది ఏ 5060 టీఐ అన్నది ఎవరికి పట్టింది?

ఆ తర్వాత ఎన్విడియా ఇంకో మెట్టు దిగింది. 8 జీబీ రకం ఒక్కటే ఉన్న ఆర్‌టీఎక్స్ 5060, 299 డాలర్ల ధరతో మే 19న అమ్మకానికి వచ్చింది. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేరు అయిన డ్రైవరును సమీక్షకులకు ఆ రోజు దాకా ఇవ్వలేదు. సరిగ్గా అప్పుడే ఆ సమీక్షకుల్లో చాలామంది కంప్యూటెక్స్ అనే కంప్యూటర్ల ప్రదర్శన కోసం తైపేలో ఉన్నారు. కార్డు ఇంట్లో, మనిషి తైవాన్‌లో. ముందుగా డ్రైవరు దక్కిన కొందరికి షరతులు పెట్టారు. చెప్పిన ఆటలే ఆడించాలి, చెప్పిన సెట్టింగులే పెట్టాలి, కార్డు ఊహించి మధ్యలో చొప్పించే కృత్రిమ ఫ్రేములు కలిపి లెక్క చూపాలి, పోల్చేది పాత కార్డులతోనే. ఒప్పుకోనివాళ్లు ఆ షరతులను బయటపెట్టబట్టి లోకానికి తెలిసింది. అమ్మేవాడే ప్రశ్నపత్రం రాసి, అమ్మేవాడే మార్కులు వేసుకుంటే దాన్ని సమీక్ష అంటారా? 2025 జనవరిలో లాస్ వేగాస్ వేదిక మీద ఎన్విడియా అధినేత జెన్సన్ హువాంగ్ 549 డాలర్ల 5070లో 1,599 డాలర్ల 4090 పనితనం ఉంటుందన్నారు. కార్డు బయటికొచ్చాక తేలింది, ఒక అసలు ఫ్రేముకు మూడు కృత్రిమ ఫ్రేములు జోడించి లెక్కపెడితే తప్ప ఆ మాట నిలవదని.

ఏఎండీ తక్కువ తిన్నదేం కాదు. 2020 జూన్‌లో ఈ సంస్థే తన బ్లాగులో శ్రీరంగ నీతులు చెప్పింది, నేటి ఆటలకు 4 జీబీ మెమరీ చాలదని. 2022 జనవరిలో 199 డాలర్లకు ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ తెచ్చింది. అందులో మెమరీ ఎంతనుకున్నారు? 4 జీబీ. ఆ రోజుల్లోనే పాత నీతుల పేజీ వెబ్‌సైటులో కనబడకుండా పోయింది. జనం పట్టుకుని నిలదీశాక మళ్లీ ప్రత్యక్షమైంది. 2025లో 8 జీబీ వంతు వచ్చింది. సంస్థ ప్రతినిధి ఫ్రాంక్ అజోర్ మే నెలలో ఎక్స్‌లో సెలవిచ్చిందేమిటంటే, ఎక్కువమంది ఆడేది 1080పీలోనే కాబట్టి వాళ్లకు 8 జీబీకి మించి అక్కర్లేదట, చాలదనుకునేవాళ్లకు 16 జీబీది ఉండనే ఉందట. 2016 జూన్‌లో ఇదే ఏఎండీ 8 జీబీ ఆర్‌ఎక్స్ 480ని 239 డాలర్లకు అమ్మింది. తొమ్మిదేళ్ల తర్వాత అంతే మెమరీకి 60 డాలర్లు ఎక్కువ పుచ్చుకుంటూ, ఇంతకంటే నీకెందుకు అని కొనేవాడికే పాఠం చెప్పింది.

పెట్టె మీద మెమరీ ఎంతో ముద్రించే ఉంటుందనీ, ధరలోనూ తేడా ఉందనీ, ఈ-స్పోర్ట్స్ (ఆన్‌లైన్ పోటీ) ఆటలు మాత్రమే ఆడేవాళ్లకు చిన్న కార్డు సరిపోతుందనీ కంపెనీలు వాదిస్తాయి. సరిపోతే సంతోషం. అలాగైతే దానికి వేరే పేరు పెట్టి, ఈ-స్పోర్ట్స్ కార్డు అని ధైర్యంగా చెప్పి అమ్ముకోవచ్చు. ఎవరు వద్దన్నారు? 8 జీబీ కార్డు ఉండటం మీద మాకు పేచీ లేదు. దానికి పెద్దన్న పేరు తగిలించడం మీదే పేచీ.

ఈ రోగం కొత్తదీ కాదు. 2016లో ఎన్విడియా జీటీఎక్స్ 1060 పేరుతో 6 జీబీ కార్డు వచ్చింది, వెనకే 3 జీబీది వచ్చింది. మెమరీలోనే తేడా అనుకుని కొన్నవాళ్లకు తర్వాత తెలిసింది, చిప్‌లో లెక్కలు చేసే కోర్లు కూడా 1280 నుంచి 1152కు కోసేశారని. 2022 సెప్టెంబరులో ఆర్‌టీఎక్స్ 4080ని కూడా రెండుగా ప్రకటించారు, 16 జీబీ ఒకటి, 12 జీబీ ఒకటి. రెండింట్లో చిప్‌లే వేరు. గోల లేచింది. అక్టోబరు 14న ఎన్విడియా వెనక్కి తగ్గి, ఆ కార్డుకు పెట్టిన పేరు సరైంది కాదని, రెండు కార్డులకు 4080 అన్న పేరుంటే గందరగోళమని తన నోటితోనే ఒప్పుకుంది. 899 డాలర్లకు రావాల్సిన ఆ 12 జీబీ కార్డు మరుసటి జనవరిలో 4070 టీఐ అన్న పేరుతో 799కి దిగింది. పేరు సరిచేయగానే ధర కూడా వంద డాలర్లు దానంతటదే సర్దుకుంది! రెండు సరుకులకు ఒకే పేరు గందరగోళమని 2022లో తెలిసినవాళ్లకు 2025లో ఎందుకు తెలియలేదు? అప్పుడు అరిచినవాళ్లు 899 డాలర్లు పెట్టగలిగినవాళ్లు, ఇప్పుడు మోసపోయేవాళ్లు 379 పెట్టడానికే తడుముకునేవాళ్లు. తేడా అంతకు మించి మాకు కనబడటం లేదు.

ఇది మన గడపలోకి ఎలా వస్తుందో చూడండి. ఇంజినీరింగ్ ప్రవేశాల కాలం వస్తుంది. కొడుక్కో కూతురికో కంప్యూటరు కట్టించాలని సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకో విజయవాడ బజారుకో వెళ్లే తండ్రికి జీబీల లెక్క తెలియదు. పిల్లవాడు చీటీ మీద రాసిచ్చిన పేరు తెలుసు, అంతే. కొటేషన్ కాగితం మీద కార్డు పేరుంటుంది, ధర ఉంటుంది, 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మెమరీ ఎంతో రాయకపోతే అడిగేవాడు లేడు. ఆన్‌లైన్‌లో ఆ అంకె వెతుక్కోవాలంటే, ఫోను తెర మీద సగంలో తెగిపోయే శీర్షిక చివర్లో ఉంటుంది. విడుదల ధరల్లో అమెరికాలో తేడా 50 డాలర్లు, మన లెక్కన నాలుగు వేల పైచిలుకు. ఆ నాలుగు వేలు మిగిలాయని సంబరపడి తెచ్చుకున్న కార్డును అయిదేళ్లు భరించాలి. ఆటలకే కాదు, వీడియో ఎడిటింగుకైనా, త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేరుకైనా, మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టుకైనా ముందు తగిలే గోడ ఆ మెమరీయే.

ఎన్విడియాకు 2025 జనవరితో ముగిసిన ఏడాదిలో వచ్చిన ఆదాయం 13,050 కోట్ల డాలర్లు. అందులో గేమింగ్ వాటా 1,135 కోట్లు. డేటా సెంటర్ల పంట పండుతుంటే ఆటగాడి గోడు వినే తీరిక దానికి లేకపోవచ్చు. అయితే చట్టానికి ఆ తీరిక ఉండాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడాన్ని కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనగానే లెక్కిస్తుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటిసారికి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. ఈ కంపెనీలకు అది టీ ఖర్చు. నోటీసు అందితే పోయే పరువు మాత్రం వేరు. ఒకే పేరుతో రెండు రకాలను అమ్మేటప్పుడు మెమరీ అంకెను కార్డు పేరుతో సమానమైన అక్షరాల్లో పెట్టె మీద, ప్రకటనలో, బిల్లులో చూపమని ఒక్క ఆదేశం చాలు. అమ్మకపు సైట్లు ఆ ఆదేశం కోసం ఎదురుచూడనక్కర్లేదు. రెండు కార్డులను ఒకే పేజీలో, ఒకే సమీక్షల కింద, ఒకే నక్షత్రాల లెక్కతో చూపించడం ఇవాళే మానేయొచ్చు.

కంపెనీలకు చెప్పేది ఒకటుంది. ఎన్విడియా, ఏఎండీ రెండింటికీ హైదరాబాద్‌లో కార్యాలయాలున్నాయి, అంకెలతో ఆడుకునే ఇంజినీర్లున్నారు. 5060కీ 5070కీ మధ్య ఇంకో అంకె దొరకలేదంటే ఎవరూ నమ్మరు. మీ 8 జీబీ కార్డు అంత మంచిదైతే విడుదలకు ముందే సమీక్షకుల చేతికివ్వండి. ఇచ్చే ధైర్యం లేకపోతే దానికి 5060 టీఐ అనీ, 9060 ఎక్స్‌టీ అనీ పేరు పెట్టే హక్కు మీకు లేదు.