తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది?

పోయిన నెల ఒక శనివారం పొద్దున్నే ఇక్కడ అమెరికాలో మా ఊళ్ళో సర్వీస్ క్లబ్ వాళ్ళ గోడౌన్‌కి వెళ్ళాను. ఆఫ్రికాలోని ఘనాకి పంపే పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దాలి, మన తెలుగు సంఘం నుంచి పదిమందిమి వెళ్ళాం. కాఫీలు, డోనట్లు, గ్రూప్ ఫోటో, అంతా సరదాగానే ఉంది. నా ముందుకొచ్చిన మొదటి పెట్టె విప్పితే పైన ఇన్‌కమ్ టాక్స్ ఎలా వేసుకోవాలో చెప్పే 2006 నాటి గైడు, దాని కింద టెక్సస్ చరిత్ర పాఠ్యపుస్తకాలు అన్నీ ఒకే రకానివి, అడుగున మంచుబొమ్మకి క్యారెట్ ముక్కు పెట్టే కథ, అందులో సగం పేజీల నిండా ఏ పిల్లాడో క్రేయాన్‌తో గీసిన గీతలు. టాక్స్ గైడు తీసి పక్కన పెట్టబోతే పక్కనున్న పెద్దాయన "ఉండనివ్వండి, పెట్టె నిండాలి కదా" అన్నారు. నేనూ ఇంకేం మాట్లాడకుండా టేపు వేసేశాను. అలా వేసేసినందుకే ఇప్పుడిది రాస్తున్నాను.

నచికేతుడి కథ మనందరికీ తెలుసు. పాలింకిపోయిన ఆవుల్ని తండ్రి దానమిస్తుంటే చూడలేక అడిగిన పిల్లాడు. మన గరాజ్‌లు ఖాళీ చేసుకోవడానికీ దానానికీ తేడా ఉందని అడిగేవాడు ఆ గోడౌన్‌లో లేకపోయాడు, నాతో సహా.

ఇంగ్లీషు పుస్తకాలన్నీ దండగ అనడం లేదు. ఘనాలో అధికార భాష ఇంగ్లీషే, పై తరగతుల చదువూ అందులోనే, ఒక మంచి డిక్షనరీయో సైన్సు పుస్తకమో చేతికందితే బంగారమే. కానీ అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లలకి ఇంట్లో మాట్లాడే భాషలో, ఎవె అయితే ఎవె, ట్వి అయితే ట్విలో బొమ్మల కథలు కావాలి. అవి మన గరాజ్‌లో దొరకవు. నలభై అడుగుల కంటైనర్‌లో ఇరవై వేల పైచిలుకు పుస్తకాలు పడతాయి, అందులో ఆ భాషలవి ఎన్ని అని అడిగితే ఆ పూట ఎవరి దగ్గరా జవాబు లేదు.

అసలు పుస్తకాల కంటే ముందు మనిషి గురించి అడగాలి. ఘనా రాజధాని అక్రాలో క్యాథీ నోల్స్ అనే కెనడా ఆవిడ 1990 ప్రాంతంలో తన ఇంటి తోటలో చెట్టు కింద చుట్టుపక్కల పిల్లల్ని కూర్చోబెట్టుకుని కథలు చదివేది. వచ్చే పిల్లల సంఖ్య పెరిగిపోయి చోటు చాలక 1992లో ఓసు పేటలో లైబ్రరీ పెట్టింది, అది కూడా ఒక పాత షిప్పింగ్ కంటైనర్‌లోనే! కథ చదివే మనిషి ముందు, పిల్లలు తర్వాత, కంటైనర్ ఆఖరికి. ఘనా పిల్లల ఫోటోలతోనే పుస్తకాలు కూడా వేసింది. మనం చేస్తున్నది సరిగ్గా తిరగేసి.

మనకేమన్నా ఇది కొత్తా? 1935లో మన గ్రంథాలయోద్యమం పెద్ద పాతూరి నాగభూషణం గారు పెదపాలెం దగ్గర కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. అప్పట్లో ప్రయాణాలన్నీ ఆ పడవల మీదే, గంటల తరబడి ఊరికే కూర్చునే జనం, వాళ్ళు ఎక్కడుంటే అక్కడికి పుస్తకం వెళ్ళింది. డబ్బున్నవాళ్ళ పని కాదది, జనం పొద్దు ఎలా గడుస్తుందో తెలిసినవాళ్ళ పని.

నా సంగతీ చెప్పాలి. ఇండియాలో మా సొంత ఊరి బడికి మా నాన్నగారి పేరు మీద లైబ్రరీ గది కట్టించాను. పాలరాతి ఫలకం, రిబ్బను, శాలువాలు. రెండేళ్ళ తర్వాత వెళ్తే గదికి తాళం. అటెండర్ వెతికి వెతికి తెచ్చి తీస్తే లోపల మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు, వాటి వెనక నేను కొన్న బీరువా, అందులో ప్లాస్టిక్ కవరు కూడా చింపని పుస్తకాలు. హెడ్మాస్టారి తప్పేం లేదు, ఉన్న నలుగురు టీచర్లలో లైబ్రరీ ఎవరు చూస్తారు? పుస్తకం పోతే ఆడిట్‌లో ఎవరు జవాబు చెప్పాలి? గది ఇచ్చాను, ఫలకం ఇచ్చాను, గది తెరిచే మనిషిని ఇవ్వలేదు. (ఇంకో మాట, మన రెండు రాష్ట్రాల్లోనూ ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అక్కడ ఇళ్ళున్నవాళ్ళు ఈసారి వెళ్ళినప్పుడు అదెక్కడికి పోతోందో అడగండి.)

జీతానికి డబ్బివ్వమంటే దాతలు రారు అంటారు మనవాళ్ళు. నిజమే, నెలజీతం మీద పేరు చెక్కలేం. కానీ రోటరీ వాళ్ళ గ్లోబల్ గ్రాంట్ పద్ధతి చూడండి, కనీసం 30,000 డాలర్ల ప్రాజెక్టు, ఇక్కడొక క్లబ్బు ఉంటే సరిపోదు, అక్కడి క్లబ్బు కూడా ఉండాలి, మీకేం కావాలి అని అక్కడి జనాన్ని అడిగి తెలుసుకున్నాకే దరఖాస్తు. పెద్ద గ్రాంటు లేకపోయినా ఆ అడిగే పద్ధతి మనం అరువు తెచ్చుకోవచ్చు. 2015 నుంచి ప్రథమ్ బుక్స్ అనే పిల్లల పుస్తకాల సంస్థ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఎవరైనా అనువదించి అచ్చేసుకునేలా పిల్లల కథలున్నాయి, ఓడ కిరాయి డబ్బుతో అక్కడే, వాళ్ళ భాషలోనే అచ్చు వేయించవచ్చు. తెలుగుకైతే పిల్లల పుస్తకాలు వేసే సికింద్రాబాద్ "మంచి పుస్తకం" వాళ్ళు ఉండనే ఉన్నారు.

వచ్చే కమిటీ మీటింగులో నేను అడగబోయేది ఇదే. సంఘం తరఫున క్లబ్బుకి మనమిచ్చే డబ్బు ఈసారి కంటైనర్‌కి వద్దు. ఘనాలో ఆ పుస్తకాలు చేరే బడి ఉన్న ఊళ్ళోనే చదువుకున్న అమ్మాయో అబ్బాయో ఒకరిని వెతకమందాం, రోజూ సాయంత్రం రెండు గంటలు తలుపు తీసి పిల్లలకి కథ చదివినందుకు మూడేళ్ళ పాటు నెలనెలా జీతం మనమే పంపిద్దాం. చిరిగిన పుస్తకాల లెక్క అడగం అని ముందే రాసిద్దాం. ఎవరైనా నాతో చెయ్యి ఎత్తితే సంతోషం. మొన్నటి కంటైనర్ సంగతంటారా, అది ఈపాటికి సముద్రం మీద ఉండి ఉంటుంది, నేను టేపు వేసిన టాక్స్ గైడుతో సహా.