ఒకవైపే క్షవరం చేయించుకున్న కంచె గారికి

మహారాజశ్రీ పక్కింటి కాగితాల పూల కంచె గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ‘ఉభయ’ అన్నది రివాజు కొద్దీ రాసిన మాట. తమరు కుశలమేనని మా పెరట్లో నిలబడితే తెలుస్తోంది. ఇంకా చెప్పాలంటే, నిలబడే చోటు లేనందువల్లే తెలుస్తోంది.

మొన్న ఆదివారం తమకు జరిగిన క్షవర మహోత్సవం కళ్లారా చూశాం. “ఈ ఆదివారం కొట్టిస్తాంలేప్పా” అని ఉగాది నాడు తమ యజమాని ఇచ్చిన మాట వినాయక చవితి దాటాక నెరవేరింది. మాట తప్పే మనిషి కాదాయన. ఏ ఏడాది ఆదివారమో చెప్పలేదు, అంతే. కూలీ మనిషి వచ్చాడు, మచ్చుకత్తి వచ్చింది, ఎండ ఎక్కకముందే పని ముగిసింది. ఆయన వైపు దారం పట్టి చూసినా వంకర లేదు. మా వైపు ఒక్క రెమ్మ తెగలేదు. నెత్తిన కొట్టిన కొమ్మలు మాత్రం హద్దు బండలు దాటి ఇటే పడ్డాయి. సగం గుండు గీయించుకుని ఆ వెంట్రుకలు పక్కవాడి ఒళ్లో దులిపినట్టుంది తమ వాలకం.

ఈ ఉత్తరం ఆయనకే రాయొచ్చు. రాసి లాభం లేదు. ఆయన దగ్గర ఒకటే జవాబుంది: “చెట్టు కదప్పా, దానికేం తెలుసు? యాడ ఎండుంటే ఆడికి పోతాది.” దానికి తెలియదంటున్నారు కదా, సరే, దానికే తెలియజేద్దామని.

ఆయన మాటలో అబద్ధం లేదు. తమకు పడమట ఆయన రెండంతస్తుల మిద్దె లేచింది. మధ్యాహ్నం దాటితే అంతా నీడే. తూర్పున మా ఖాళీ జాగా, పొద్దు పొడిచింది మొదలు ఎండ. రోజుకు ఐదారు గంటలు నేరుగా ఎండ తగిలితే తప్ప సరిగా పూయని జాతి తమది, ఎండ ఉన్న దిక్కుకు వాలితే తప్పు పట్టను. ఆపైన అనంతపురం గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమర నుంచి అది కొట్టే కొట్టుడుకు రేకులే లేచిపోతాయి, బారెడు పొడుగున్న లేత కొమ్మ ఎంత? రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు.

తప్పు కత్తిది. తమ ఒంటి సంగతే కాబట్టి తమకు తొందరగా అర్థమవుతుంది. ప్రతి ఆకు మొదట్లో ఒక ముల్లు, దాన్ని ఆనుకుని ఒక కన్ను. కొమ్మకు కొన ఉన్నంతకాలం ఆ కొన కింది కళ్లను లేవనీయదు. కొన తెగిందా, కోతకు దిగువనున్న రెండు మూడు కళ్లు ఒక్కసారిగా చిగురిస్తాయి. ఇప్పుడు నెత్తిన కొట్టారు, పడమట కొట్టారు. పడమట లేచిన చిగురుకు నీడ తప్ప ఏమీ దొరకదు. అది సన్నగా సాగి, ఎండ వెతుక్కుంటూ నెత్తి మీదుగా ఇటే తిరుగుతుంది. తూర్పున కత్తి తగలని ముదురు కొమ్మలు చెక్కుచెదరలేదు. వేళ్లు ఒక్కటీ తగ్గలేదు, తినే కొమ్మలు మాత్రం ఒకవైపు తగ్గాయి, కాబట్టి మిగిలిన సత్తువంతా వీటిదే. అదీ సెప్టెంబరులో! ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే ఊళ్లో, అందులో పెద్ద వాటా దిగే నెలల్లో! ఇంకో మూడు నాలుగు వారాల్లో మొదట్లో నుంచి నిటారుగా, బొటనవేలి లావున, పూత లేని ముళ్ల కొమ్మలు పైకి దూసుకొస్తాయి. అవి ఎటు వాలతాయో గాలీ ఎండా ముందే తేల్చేశాయి.

అంటే ఆ ఆదివారం జరిగింది కత్తిరింపు కాదు. కంచెను మూరెడు మా పెరట్లోకి జరిపారు, కూలీ డబ్బులిచ్చి మరీ.

ముదిరిపోయిన కంచెను ఒక ఏడు ఒకవైపు, మరుసటేడు రెండోవైపు కొట్టే పద్ధతి ఉన్న మాట నిజమే. చెట్టు ఒక్కసారిగా బెదరకుండా తోటపని తెలిసినవాళ్లు కొన్ని జాతులకు అట్లా చేస్తారు. కానీ ఆ పద్ధతిలో రెండో ఏడు అనేది రావాలి. తమ కొలువులో ఇంతవరకు రాలేదు. పైగా మోడు దాకా కొట్టినా మళ్లీ లేచే మొండి ప్రాణం తమది, ఆ జాగ్రత్త తమకు అక్కరే లేదు.

ఇక తమకు జరుగుతున్న అతిథి మర్యాదలు. తమరు నేల ఎండితే పూసే మొక్క. హైవే డివైడర్ల మధ్య, ఎవరూ పట్టించుకోని మట్టిలో, మార్చి ఎండకు మీ చుట్టాలు విరగబూసేది అందుకే. తమకేమో సాయంత్రమైతే బోరు పైపు, నెల తిరిగితే గుప్పెడు యూరియా. వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన రాక రైతు మోడం కోసం తలెత్తి చూసే జిల్లాలో తమ పాదులో బురద. ఫలితం కళ్లముందుంది: పూత లేదు, పాకుడుంది. యూరియా ఆకునీ కొమ్మనీ పెంచుతుంది, పువ్వును కాదు. వేళ్లు లోతుకు దిగిన పాత మొక్కకు ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి నీళ్లు పెట్టినా చాలు, వానాకాలంలో అదీ వద్దు. ఈ మాట చెబితే “పాపం, ఎండిపోతాదేమోప్పా” అంటారు. ఎండిపోతావా నువ్వు? నిన్ను ఎండబెట్టే మొగోడు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు!

క్షమించాలి. తమరు.

చిల్లర ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి, వాటికి జవాబు అక్కర్లేదు. తమరు రాల్చే రంగు కాగితాలు మిద్దె మీది వాననీటి గొట్టం జల్లెడకు పొరలాగా అతుక్కుంటాయి, ఒక పెద్ద వానకు మిద్దె మీద నీళ్లు నిలుస్తాయి. స్కూటర్ టైర్ల సంగతి పంక్చర్ షాపాయన్ని అడగాలి, ఆయనకు తమరంటే వల్లమాలిన గౌరవం. దండెం మీది చీరల గురించి రాసే ధైర్యం నాకు లేదు. మొదట్లో పేరుకున్న ఎండాకుల్లో ఎలుకలు, ఎలుకల కోసం వచ్చే పెద్దమనుషులు. రాత్రిపూట వాళ్లను ‘పురుగు’ అని మాత్రమే అనాలట. బండలకు జానెడు దూరంలో తమను నాటారు. మూడడుగులు వదలాల్సింది. ఇప్పుడు తొడ లావెక్కిన తమ మొదలు ఆనుకుని తాడిపత్రి బండలు రెండు మా వైపు ఒరిగాయి. అవి పడితే ఎవరి కాలి మీద పడతాయో కూడా గాలి తేల్చాల్సిందేనా?

మీ వైపు మీరే కొట్టుకోవచ్చు కదా అనే పెద్దలున్నారు. కొట్టుకోవచ్చు. హద్దు దాటి వచ్చిన కొమ్మను, మన నేల మీద నిలబడి, హద్దు దాకా కోసుకోవచ్చు. లెమన్ వర్సెస్ వెబ్ అనే కేసులో 1894లోనే, అప్పట్లో అక్కడి పెద్ద కోర్టయిన ఇంగ్లండు ప్రభువుల సభ తేల్చిన మాట ఇది, మన కోర్టులూ ఆ సూత్రాన్నే పట్టుకుని వస్తున్నాయి. ఎన్నేళ్లు వాలినా, వాలే హక్కు కొమ్మకు రాదు. అయితే హద్దుకు అంగుళం అవతల కోసినా, కాలు అటు పెట్టినా తప్పు మనదవుతుంది. మొదట్లో ఉప్పు పొయ్యి, యాసిడ్ పొయ్యి అని చెవిలో ఊదేవాళ్ల మాట అసలే వినకూడదు. అది నేరం, చెడేది మన మట్టి కూడా. ఇంకో ముచ్చటైన సంగతి, కోసిన కొమ్మ కూడా చెట్టు గలవాళ్లదే. కాబట్టి ఆదివారం ఇటు పడ్డ కంప యావత్తూ తమ యజమాని సొత్తు. భద్రంగా కాపాడుతున్నాం. ఆయన ఎప్పుడొచ్చి తీసుకుపోయినా సంతోషమే. చెత్త బండి వాళ్లు ముళ్లకంప ముట్టరు, తగలబెట్టడం కుదరదు. పదిరోజులు ఎండనిస్తే ఆకు రాలి సగానికి సగం తగ్గుతుంది, అప్పుడు మూరెడు ముక్కలు కోసి తాడుతో కట్టలు కట్టాలి. పచ్చిగా ఉన్నప్పుడే ఎవరి మేకలైనా వస్తే ఆకు పని అవి చూసుకుంటాయి.

ఇక మా వైపు కోత ఎట్లా ఉండాలో కూడా రాస్తున్నా, తమకు ముందే తెలిస్తే మంచిది. మొదట బండ నుంచి బండకు పురికొస బిగించి కట్టాలి, కోత ఆ దారం దగ్గర ఆగాలి. వేలి లావు లోపు కొమ్మకు చేతి కత్తెర, బొటనవేలు దాటితే పొడుగు పిడి కత్తెర, మణికట్టు లావుకు రంపం. మచ్చుకత్తి వద్దే వద్దు, కొమ్మ చీలుతుంది, చీలిన చోట నీళ్లు దిగి కుళ్లుతుంది. బరువైన కొమ్మకు ముందు కింది నుంచి మూడోవంతు కోత పెట్టాలి. తర్వాత దానికి రెండంగుళాలు బయటగా పైనుంచి కోయాలి. అప్పుడు బెరడు ఊడిరాదు. అన్నిటికంటే ముఖ్యం, కొన నుంచి మూరెడు మూరెడుగా లోపలికి రావడం. మొదట్లోనే కోసి లాగితే ముళ్లు ఒకదానికొకటి తగులుకుంటాయి. అప్పుడు కొమ్మ రాదు, లాగినవాడే లోపలికి పోతాడు. తెగిన కంపను ఎత్తడానికి పంగకట్టె కావాలి. మోచేతి దాకా తోలు గ్లౌజులు, కళ్లకు అద్దాలు, కాళ్లకు బూట్లు తప్పవు. హవాయి చెప్పులేసుకుని తమ దగ్గరికొచ్చినవాడు ఇంటికి కుంటుకుంటూ పోతాడు. ముల్లు దిగితే సబ్బునీళ్లతో కడిగి, ధనుర్వాతం సూది పాతబడి ఉంటే మళ్లీ వేయించుకోవాలి. కొన విరిగి వేలి కీలులో ఉండిపోతే ఎన్నో వారాల తర్వాత కూడా వాపొస్తుంది, దాన్ని డాక్టరే తియ్యాలి. కరెంటు సర్వీసు వైరును ఆనుకున్న కొమ్మల జోలికి మాత్రం లైన్‌మ్యాన్ వచ్చి లైన్ క్లియర్ తీసుకునే దాకా, అంటే కరెంటు ఆపించే దాకా, ఎవరూ పోకూడదు, ఇనుప దోటితో అసలే కూడదు.

ఇంత చేసినా అది మా వైపు సగమే. మేం ఇటు చదును చేస్తే తమరు నెత్తి మీదే పెరుగుతారు, ఇప్పటికే ఆ తీరుకు వచ్చారు. పైన వెడల్పు, కింద సన్నం. పైభాగం ఎండంతా మింగేస్తే కింది ఆకు రాలి బోడికట్టెలు మిగులుతాయి. తమ కింద నుంచి వీధి కుక్కలు దూరిపోతున్నాయి, పైన పిచ్చుక కూడా దూరలేదు. కంచె చేయాల్సిన పనికి సరిగ్గా తలకిందులు ఇది. అడుగున మూడడుగులు, నెత్తిన రెండు, ఎత్తు ఐదున్నర. రెండు వైపులా ఒకే రోజు, ఒకే కొలత. మొదట్లో అడుగెత్తు ఖాళీగా ఊడ్చి ఉంచాలి. ఎండాకాలం పూత అయిపోయాక జూన్‌లో గట్టి కోత, మూడోవంతుకు మించకుండా. అక్టోబరు దాకా నెలకోసారి కొనలు గిల్లడం. ఆ తర్వాత కత్తెర దాచేయడం, ఎందుకంటే పూత వచ్చేది ఆ కొత్త చిగురు కొనలకే. నడి మే నెలలో మాత్రం కొట్టకూడదు, ఇన్నాళ్లూ నీడలో దాక్కున్న బెరడు ఒక్కసారిగా ఎండకు మాడిపోతుంది.

ఇదంతా చదివి తమరంటే మాకు గిట్టదనుకోవద్దు. నీళ్ల పైపు చెడిపోయి ఎవరూ బాగు చేయించని ఆ ఎండాకాలం తమరు పూసిన పూతకు ఈ వీధిలోకి రాని మనిషి లేడు. ఆ నెలంతా ఎవరూ యూరియా వేయలేదని, ఎవరూ కొట్టలేదని, తమ యజమానికి ఇంకా తట్టలేదు. “మా చేతి చలవప్పా” అని ఇప్పటికీ చెప్పుకుంటారు.

1767లో బ్రెజిల్ రేవులో దిగిన ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు కొమ్మర్సన్‌కు తమరు కనబడ్డారు, ఆ సముద్రయాత్ర నాయకుడు బూగన్‌విల్ పేరే తమకు స్థిరపడింది. సముద్రాలు దాటొచ్చిన తమకు ఒక బండ దాటడం లెక్కలోది కాదని తెలుసు. కానీ బండకు ఇవతల ఉన్నది మా జాగా. ఈ వాన తెరిపిచ్చిన మరునాడు, కొత్త చిగుళ్లు ముదరకముందే, తూర్పు వైపు కోత పడాలి. నెత్తిన వెడల్పు తగ్గాలి. ఒరిగిన బండలు నిలబడాలి. ఆయన రాకపోతే పురికొస కట్టి మేమే మొదలుపెడతాం, ఫొటోలు తీసి, చెప్పి మరీ. కోసిందంతా ఆయన గేటు ముందే పేర్చి, ఆయన సొత్తు ఆయనకు అప్పజెబుతాం.

ఇట్లు,
తమ తూర్పు పొరుగు

తా.క.: నిచ్చెన మాది ఇస్తాం, పురికొస కూడా. గ్లౌజులు మాత్రం ఆయనవే తెచ్చుకోమనండి. కిందటిసారి తీసుకుపోయిన జత ఇంకా తిరిగి రాలేదు.