క్వీన్స్ స్థలపురాణం: అడ్డగీత మహాత్మ్యం

న్యూయార్క్ నగరంలోని అయిదు బరోల్లో, అంటే నగర విభాగాల్లో, విస్తీర్ణంలో పెద్దది క్వీన్స్. 2020 జనగణన నాటికి జనం 24,05,464. అందులో దాదాపు సగం మంది వేరే దేశాల్లో పుట్టినవాళ్లే. ఇన్ని భాషలవాళ్లు, ఇన్ని దేవుళ్లవాళ్లు తన్నుకోకుండా ఎలా బతుకుతున్నారని పండితులు అప్పుడప్పుడు విస్తుపోతుంటారు. సహనమంటారు, ప్రజాస్వామ్యమంటారు. అవేమీ కాదు. కోపమొచ్చి అవతలివాడి ఇంటిమీదికి పోదామన్నా ఇక్కడ ఆ ఇల్లు దొరకదు. వెతికి వెతికి కాళ్లు పీకేసరికి కోపం చల్లారుతుంది.

ఈ శాంతి ఏర్పాటు ఒక్కరోజులో జరిగింది కాదు. 1898లో నగరంలో కలిసేదాకా ఇవి ఫ్లషింగ్, జమైకా, న్యూటౌన్ అంటూ ఎవరి ఊరు వాళ్లదిగా ఉన్నాయి. కలిశాక 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో అధికారులు వీధిపేర్లు చాలావరకు పీకేసి నంబర్లు వేశారు. ఉత్తర దక్షిణాలుగా పోయేది స్ట్రీట్, తూర్పు పడమరలుగా పోయేది అవెన్యూ. తూర్పుకి నడిస్తే స్ట్రీట్ నంబరు, దక్షిణానికి నడిస్తే అవెన్యూ నంబరు పెరుగుతాయి. ఇంతవరకు పసిపిల్లలకైనా అర్థమవుతుంది కాబట్టి అధికారులు ఇక్కడితో ఆగలేదు. రెండు అవెన్యూల మధ్య ఇంకో వీధి తగిలితే దానికి కొత్త నంబరు ఇవ్వరు, పాత నంబరుకే ‘రోడ్’ అని తోక తగిలిస్తారు. ఇంకోటి తగిలితే ‘డ్రైవ్’. స్ట్రీట్ల మధ్య తగిలినవి ‘ప్లేస్’, ‘లేన్’. ఆ లెక్కన మాస్పెత్ చుట్టుపక్కల 60వ స్ట్రీట్, 60వ ప్లేస్, 60వ లేన్ ఒకవైపు, 60వ అవెన్యూ, 60వ రోడ్, 60వ డ్రైవ్ ఇంకోవైపు పోతుంటాయి. మనకైతే అన్నిటికీ ‘సందు’ అన్న మాట ఒక్కటి సరిపోయేది.

ఇక ఇంటి నంబరులోని అడ్డగీత. 37-05, 74వ స్ట్రీట్ అని రాసి ఉందనుకోండి. గీతకు ముందున్నది దగ్గర్లో అడ్డం వచ్చే వీధి, అంటే 37వ అవెన్యూ. గీత తర్వాతది ఆ మూల నుంచి ఇంటి నంబరు. అది కనీసం రెండంకెల్లో ఉండాలి, అందుకే 5 కాదు, 05. అవెన్యూ మీది ఇంటికి ఇదే లెక్క తిరగబడుతుంది. 74-05, 37వ అవెన్యూ అంటే 74వ స్ట్రీట్ దగ్గరది. అంకెలు తారుమారయ్యాయి, మూల మాత్రం అదే. అదే నంబరుకి ‘37వ రోడ్’ అని రాస్తే మాత్రం ఇంకో వీధిలో తేలతారు. 73, 74 స్ట్రీట్ల మధ్య ఆ 37వ రోడ్ ముక్కకే బండ్లు ఆపించి ‘డైవర్సిటీ ప్లాజా’ అని పేరు పెట్టారు. అక్కడ దిక్కులు చూస్తూ నిలబడ్డవాళ్లలో వైవిధ్యాన్ని ఆస్వాదిస్తున్నవాళ్లెందరో, అవెన్యూ కోసం వచ్చి రోడ్డులో తేలినవాళ్లెందరో చెప్పడం కష్టం.

హైదరాబాద్‌లో వార్డు, బ్లాకు, ఇల్లు, పైన బై నంబరుతో పెరిగినవాడికి ఒక్క గీత ఓ లెక్కా అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. మన డోర్ నంబరును మనం ఎన్నడూ నమ్మం, తిన్నగా కిరాణా కొట్టువాణ్ణి అడుగుతాం. క్వీన్స్ నంబరు నిజమే చెబుతుంది. దాన్ని నమ్మి, తోక చదవకుండా నడిచినవాడు చెడతాడు.

ఉత్తరం మీద ‘క్వీన్స్’ అని రాయడం కొత్తవాళ్ల అలవాటు. పాతకాపులు ఫ్లషింగ్, జమైకా, ఆస్టోరియా అనే రాస్తారు. తపాలా శాఖ దృష్టిలో ఆ ఊళ్లు ఇంకా కలవలేదు కాబోలు. బరోకి ప్రెసిడెంటు ఉన్నారు, ఎన్నిక కూడా జరుగుతుంది. అయితే 1989 నాటి చార్టర్ (నగర పాలన నియమావళి) మార్పుతో నగరపు బడ్జెట్ మీద ఓటు పోయి, సలహా చెప్పే హక్కు ప్రధానంగా మిగిలింది. పెళ్లింట పెద్ద మావయ్యకు ఉండేది కూడా ఆ హక్కే.

రైలెక్కితే నయమనుకోవద్దు. 7వ నంబరు రైలు ఫ్లషింగ్ నుంచి మన్‌హాటన్‌కు పోతుంది. గుండ్రటి గుర్తున్నది అన్నిచోట్లా ఆగుతుంది, వజ్రం గుర్తుది ఎక్స్‌ప్రెస్. చీరలూ బంగారమూ మిఠాయిలూ దొరికే జాక్సన్ హైట్స్‌లోని 74వ స్ట్రీట్ స్టేషన్లో, కింద ఇంకో నాలుగు లైన్లు అందుకునే చోట, ఎక్స్‌ప్రెస్ ఆగదు. ఆత్రంగా వజ్రం ఎక్కినవాళ్లు జాక్సన్ హైట్స్‌ను కిటికీలోంచి దర్శించుకుని, 61వ స్ట్రీట్‌లో దిగి, వెనక్కి రావాలి. తొందరపడ్డవాడికి ఆలస్యం శిక్షగా వేసే రైలు ఇది.

రిచ్‌మండ్ హిల్‌లో లిబర్టీ అవెన్యూకు వెళ్తే వేరే రకం దారితప్పడం కనిపిస్తుంది. అక్కడ గయానా, ట్రినిడాడ్ మనుషులు ఉంటారు. 1838లో మొదలైన కూలీ ఓడల్లో కలకత్తా నుంచి ఎక్కువమంది, మద్రాసు రేవు నుంచి కొందరు గయానా చెరకు తోటలకు వెళ్లారు. మద్రాసు ఓడల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ సంతతివాళ్లు ఇప్పుడిక్కడ రోటీ, కూర తింటూ, ఇంగ్లీషులో మాట్లాడుతూ, హోలీని ఫగ్వా అని పిలుస్తూ ఊరేగుతారు. మీదే ఊరని అడగడం మనవాళ్ల అలవాటు కదా, అడిగి చూడండి. ఆ జవాబులో ఎన్ని అడ్డగీతలు పడతాయో లెక్కపెట్టుకోవచ్చు.

చివరికి ఫ్లషింగ్ వినాయకుడు. 1977 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినాన, కుంభాభిషేకం జరిగిన గుడి అది. చిరునామా 45-57, బౌన్ స్ట్రీట్. అంటే 45వ అవెన్యూ దగ్గర. లెక్క వచ్చినవాళ్లు నేరుగా నేలమాళిగలోని క్యాంటీన్లో దోసె దగ్గర తేలతారు. ఈ వీధికి నంబరు లేదు, పేరే ఉంది. ఆ పేరు జాన్ బౌన్ అనే ఆయనది. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లను తన ఇంట్లో ప్రార్థన చేసుకోనిచ్చాడని 1662లో, అప్పట్లో ఇక్కడ ఏలుతున్న డచ్చివాళ్లు ఆయన్ని పట్టుకుని దేశం దాటించారు. ఆయన మాత్రం దారి తప్పకుండా తిరిగొచ్చాడు. అప్పటికింకా నంబర్లు వెయ్యలేదు.

క్వీన్స్ మొత్తంలో ఇంత తేలిక చిరునామా ఉండటం అధికారులకు నచ్చినట్టు లేదు. 2022లో ఆ వీధి ముక్కకు ‘గణేశ్ టెంపుల్ స్ట్రీట్’ అని రెండో పేరు కూడా పెట్టారు. విఘ్నాలు తొలగించే స్వామి గుమ్మం ముందు ఇప్పుడు రెండు బోర్డులున్నాయి. ఉత్తరాలు మాత్రం బౌన్ పేరు మీదే పంపండి.