6జీ ఎవరి కోసం, ఎవరిని అడిగి?

ఇందాకే ఒక మొబైల్ సంస్థ నుంచి ఫోను వచ్చింది. తమ నెట్‌వర్క్ మీద నా అమూల్యమైన అభిప్రాయం కావాలని, సున్నా నుంచి పది వరకు ఏదో ఒక అంకె నొక్కాలని రికార్డు చేసిన గొంతు ఎంతో మర్యాదగా కోరింది. నేను అంకె నొక్కేలోపే సిగ్నల్ పోయి కాల్ కట్టయింది. టెలికాం రంగంలో పౌరుల భాగస్వామ్యం ఈ అంకె నొక్కడం దగ్గరే ఆగిపోయిందని నాకు చాలాకాలంగా ఉన్న అనుమానం నిజమేనని దీంతో తేలిపోయింది.

మరోవైపు 5జీ తర్వాత రాబోయే మొబైల్ సాంకేతికత 6జీ పనులు జోరుగా సాగుతున్నాయి. 2023 మార్చి 22న ప్రధానమంత్రి విడుదల చేసిన భారత్ 6జీ విజన్ పత్రం, ఈ సాంకేతికత అందరికీ భరించగలిగే ధరలో, పర్యావరణానికి భారం కాకుండా, దేశంలో ప్రతిచోటా అందాలని చెప్పింది. చదవడానికి చాలా బాగుంది. అదే ఏడాది జూలైలో ఏర్పడిన భారత్ 6జీ అలయన్స్‌లో కంపెనీలు, విద్యాసంస్థలు, పరిశోధనశాలలు, ప్రమాణాలు రూపొందించే సంస్థలు చేరాయి. వీటన్నిటి ఖర్చునూ చివరికి రీఛార్జి రూపంలో భరించే మనిషికి ఒక కుర్చీ వేయాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ వచ్చినట్టు లేదు. ప్రపంచ 6జీ పేటెంట్లలో 10 శాతం మనవే కావాలట. కావాల్సిందే, కానీ మాట్లాడుతుండగా కాల్ తెగిపోకూడదన్న కోరికను ఏ పేటెంటు కింద నమోదు చేయించాలో కూడా చెబితే బాగుండేది.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ జనం అభిప్రాయం అడుగుతూ సంప్రదింపుల పత్రాలు విడుదల చేస్తోంది కదా అని ఎవరైనా అనవచ్చు. ఒక్కసారి తెరిచి చూడండి. పేజీలకు పేజీల ఇంగ్లీషు, మధ్యలో స్పెక్ట్రమ్ (సిగ్నల్ మోసే రేడియో తరంగాలు) బ్యాండ్లు, వాటి వేలానికి రిజర్వు ధరలు, ఆపై ప్రతి ప్రశ్న చివరా మీ సమాధానానికి తగిన కారణాలు చూపండి అన్న ఆదేశం. అల్లూరి సీతారామరాజు జిల్లాలో సిగ్నల్ కోసం గుట్టెక్కే మనిషి మెగాహెర్ట్జ్ ధర ఎంత ఉండాలో కారణాలతో సహా వివరించాలన్నమాట.

జనానికి ఇవన్నీ పట్టవని మాత్రం అనకండి. 2015లో నెట్ న్యూట్రాలిటీ కోసం, అంటే ఇంటర్నెట్‌లో ఏ సైటుపైనా వివక్ష చూపకూడదని, ట్రాయ్‌కు 10 లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి, 2016 ఫిబ్రవరి 8న వివక్షతో కూడిన డేటా ధరలపై నిషేధం వచ్చింది. అంత శ్రద్ధగా రాసినందుకు మనకు దక్కిన సత్కారం ఏమిటంటే, ఆ ఈమెయిల్ చిరునామాలన్నిటినీ ట్రాయే తీసుకెళ్లి అందరూ చూసేలా వెబ్‌సైట్‌లో పెట్టేశారు. గోప్యత గురించి ఉపన్యాసాలు వినేటప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది, ఒళ్లు మండుతుంది.

మన అవసరం చెబితే సాంకేతికత మారదా అంటే, నిక్షేపంగా మారుతుంది. 5జీ ప్రమాణాలు తయారయ్యేటప్పుడు గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు ప్రయాణికుడి గురించి కూడా ఆలోచించారు. మన పల్లెల్లో టవర్లు దూరదూరంగా ఉంటాయని, జనం నెమ్మదిగా కదులుతారని గుర్తుచేయడానికి ఐఐటీ మద్రాస్, సంగారెడ్డి పక్కన కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు పూనుకోవలసి వచ్చింది. టవర్ల మధ్య 6 కిలోమీటర్ల దూరం ఉన్నా పనిచేయాలన్న పరీక్షను అంతర్జాతీయ టెలికాం సంఘం వాళ్లు అలా అడిగాకే ఒప్పుకుంది. అయితే మన తరఫున ఇంజినీర్లు ఊహించి చెప్పడం వేరు, మనల్నే అడగడం వేరు. 6జీ ప్రమాణాలు ఈ దశాబ్దం చివరికి ఖరారవుతాయి కాబట్టి, అడగదలిస్తే ఇప్పుడే, తెలుగులోనే, గ్రామసభలో కూర్చోబెట్టి అడగాలి.

అడగకపోతే ఏమవుతుందో డేటా ప్యాకుల విషయంలో చూశాం. మాట్లాడటానికి తప్ప దేనికీ ఫోను వాడని మా అమ్మ లాంటి వాళ్లు ఏళ్ల తరబడి డేటాకు కూడా డబ్బు కట్టారు. 2024 డిసెంబరులో ట్రాయ్ కాల్స్‌కు విడిగా ప్యాక్ ఉండాలని ఆదేశిస్తే, పెద్ద కంపెనీలు మొదట తెచ్చినవి 84 రోజులవి, ఇంచుమించు ఏడాదివి. నెలకు సరిపడా చిన్న ప్యాక్ ఇవ్వడానికి వాళ్లకు చేతులు రాలేదు. కూలి డబ్బుతో ఇల్లు నడిపే మనిషి మాట్లాడటం కోసం 400 రూపాయల పైచిలుకు ఒక్కసారే కట్టాలంటే, ఆ ధర నిర్ణయించిన గదిలో ఆ మనిషిని ఎరిగినవాడు ఒక్కడైనా ఉన్నాడా? భరించగలిగే ధర అని విజన్ పత్రంలో రాసినవారు, ఆ ధర ఎంతో, ఎన్ని రోజులకో, బటన్ ఫోనుకు వర్తిస్తుందో లేదో కూడా అందులోనే రాయాలి.