కేసులు తక్కువగా ఉన్నప్పుడే ఖర్చు పెట్టాలి

వందలో ఒక్కరికైనా లేని హెచ్‌ఐవీకి పేద దేశం డబ్బు ఎందుకు పోయాలని ఒక వ్యాసంలో అడిగారు. తక్కువగా ఉన్నప్పుడే పెట్టాలండీ. ఫిలిప్పీన్స్‌లోనూ ఒకప్పుడు కేసులు చాలా తక్కువ, తర్వాత ఎంత వేగంగా పెరిగాయో చూశాం. శ్రీలంక మాత్రం కేసులు తక్కువగా ఉండగానే గర్భిణులకు పరీక్షలు చేయించి, తల్లి నుంచి బిడ్డకు సోకకుండా ఆపినట్టు 2019లో డబ్ల్యూహెచ్‌ఓ గుర్తింపు పొందింది.

నేను కౌన్సెలర్‌గా పనిచేశాను. రిపోర్టు చేతికిచ్చాక చాలామంది దాన్ని చూడరు, ముందు తలుపు వైపు చూస్తారు, తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని. కేసులు తక్కువున్న చోట ఆ ఒంటరితనం మరీ ఎక్కువ. రోజూ మందులు వేసుకుని, వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే లైంగికంగా ఇంకొకరికి సోకదని చెప్పగానే ఏడ్చేసినవాళ్లున్నారు. నిధులు పోస్టర్లకు కాదు, సెక్స్ వర్కర్లు, సూదులతో మత్తుమందు తీసుకునేవాళ్లు జంకు లేకుండా రాగలిగే క్లినిక్‌లకు వెళ్లాలి.